కొత్తపేటకి ఎనిమిది

పదకొండో కంప్యూటరు మీద గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టేసరికి కృపారావుకి ఎడమ మోకాలు పట్టేసింది. బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంకా పదిహేడు గుడ్డలున్నాయి. ప్రతి గుడ్డా తియ్యాలి, కిటికీ దగ్గర దులపాలి, మడిచి ఆ కంప్యూటరు వెనకాలే పెట్టాలి. ఒకదాని గుడ్డ ఇంకోదానికి కప్పకూడదు. ఈ నియమం ఎవరూ పెట్టలేదు. అతనే పెట్టుకున్నాడు, ఆరేళ్ళుగా తనే పాటిస్తున్నాడు, పాటించనివాళ్ళ మీద తనే చిరాకు పడుతున్నాడు.

యాభై ఆరేళ్ళ మనిషి. సన్నటి ఒళ్ళు, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, జేబులో ఎర్రదీ నీలందీ రెండు పెన్నులు, కళ్ళజోడు జారిపోకుండా తల వెనక్కి కట్టిన నల్లదారం. చిటికెనవేళ్ళు రెండూ కొంచెం బయటికి వంగి ఉంటాయి. పందొమ్మిదేళ్ళు కొత్తపేట మెయిన్‌రోడ్డులో బట్టలకొట్టు మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినందుకు మిగిలిన గుర్తు అది. కంప్యూటర్లొచ్చి టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక, ఆరు మిషన్లూ పాతసామాన్లవాడికి ఇచ్చేసి, ఏ కంప్యూటర్లు తన పొట్ట కొట్టాయో వాటికే గుడ్డలు కప్పే పనిలో చేరాడు. కాలేజీ రిజిస్టర్లో అతని ఉద్యోగం అటెండరు. పిలవడం మాత్రం అందరూ మేష్టారూ అనే పిలుస్తారు. పిలుపుకి ఖర్చేముంది!

ల్యాబు ఉన్నది ఒకప్పటి కొబ్బరి గోదాములో. సెక్రటరీ త్రిమూర్తులుగారి తండ్రి కట్టించిన గోదాము అది. సున్నం వేసి, ఫ్యాన్లు బిగించి, గుమ్మానికి బోర్డు పెట్టారు గాని, ముసురు పట్టిందంటే ఇప్పటికీ గోడల్లోంచి ఎండుకొబ్బరి కురిడీల వాసన వస్తుంది. ఇప్పుడు మార్చి నెల కాబట్టి వాసన లేదు, ఉక్క మాత్రం ఉంది.

ఆ రోజు సోమవారం. మధ్యాహ్నం రెండింటికి బీయస్సీ ఆఖరి సంవత్సరం వాళ్ళకి కంప్యూటరు ప్రాక్టికల్ పరీక్ష. కాకినాడ నుంచి ఎగ్జామినరు వస్తారు. పిల్లలు ఏడాదంతా రాసుకున్న ప్రోగ్రాములు సర్వరు అనే పెద్ద కంప్యూటర్లో ఉన్నాయి. మిగతా ఇరవై ఎనిమిదీ ఆ సర్వరుని అందుకోగలిగితేనే పరీక్ష. అందుకోలేకపోతే ఎగ్జామినరు సంతకం పెట్టకుండా వెళ్ళిపోతారు, బ్యాచ్ మొత్తం ఇంకో కాలేజీకి పోయి రాసుకోవాలి. శనివారం సాయంత్రం త్రిమూర్తులుగారు పిలిపించి ఆ సంగతే చెప్పారు. నవ్వుతూనే చెప్పారు.

"పరీక్ష ఆగిందంటే బాగోదండి కృపారావుగారూ. రాజమండ్రి ఇంజినీరొకాయన వస్తానని ఎప్పట్నించో అడుగుతున్నారు. మీరున్నారు కదాని నేనే ఆపేనండి."

"ఆయ్," అన్నాడు కృపారావు. ఆదివారం చర్చిలో ప్రసంగం జరుగుతున్నంతసేపూ ఆ నవ్వే గుర్తొచ్చింది.

గుడ్డలన్నీ తీశాక, ఎనిమిది గంటలకి సర్వరు ఆన్ చేశాడు. అది లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో మిగతావాటి స్విచ్చులన్నీ వేసి రావడం అతనికి అలవాటు. తిరిగొచ్చేసరికి తెర మధ్యలో బూడిదరంగు పెట్టె ఒకటి కనిపించింది. ఈ నంబరుని ఇప్పటికే ఇంకో కంప్యూటరు వాడుతోంది అని దాని సారాంశం. కింద ఆ రెండో కంప్యూటరు లోపలి కార్డు నంబరు, అంకెలూ అక్షరాలూ కలిపి పన్నెండు.

"ఇదెక్కడి గొడవరా దేవుడా," అనుకున్నాడు. సర్వరు ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే పెట్టె.

కంప్యూటరుకి పేరంటే ఏమిటో తెలియదు, దానికి నంబరే కావాలి. మనిషికి నంబర్లు గుర్తుండవు, పేరే కావాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి ప్రతి కంప్యూటర్లోనూ ఒక చిన్న జాబితా ఉంటుంది, ఫలానా పేరుకి ఫలానా నంబరు అని. పెద్ద ఆఫీసుల్లో ఆ పని చూసిపెట్టే కంప్యూటరు వేరే ఉంటుందట. ఇక్కడ అంత భోగం లేదు. ఇరవై ఎనిమిదింటిలోనూ ఇరవై ఎనిమిది జాబితాలు, అన్నీ కృపారావు చేత్తో కొట్టినవే. పేర్లు కూడా అతను పెట్టినవే. పలివెల, వానపల్లి, గంటి, అవిడి, మందపల్లి, బిల్లకుర్రు... సైకిలు మీద తిరిగిన ఊళ్ళే అన్నీ. సర్వరు పేరు కొత్తపేట. సంతకైనా సర్కారు పనికైనా ఆ ఊళ్ళన్నీ రావలసింది కొత్తపేటకే కదా అని ఆ పేరు పెట్టాడు. ఎవరూ మెచ్చుకోలేదు. హరిబాబు మాత్రం ఒకసారి, "సిస్టమ్ వన్, సిస్టమ్ టూ అని పెడితే సరిపోయేది కదా మేష్టారూ," అన్నాడు. హరిబాబు కంప్యూటర్ లెక్చరరు, ఎంసీయే చదివినవాడు, ల్యాబు ఇన్‌చార్జ్‌గా సంతకం పెట్టేది అతనే.

గోడమేకుకి కొబ్బరిపీచు తాడుతో వేలాడుతున్న లాంగ్ బుక్కు తీశాడు. ఖాకీ అట్ట వేసిన పుస్తకం. పేరు, నంబరు, లోపలి కార్డు నంబరు, మార్చిన తేదీ, మార్చినవారి పొడి సంతకం. ఐదు గళ్ళు, స్కేలుతో గీసినవి. సర్వరుది తొమ్మిది. తొమ్మిది ఇంకెవరికీ ఇవ్వలేదు. తెర మీద కనబడ్డ కార్డు నంబరుని వేలు పెట్టి పుస్తకమంతా వెతికాడు. లేదు. రెండోసారి వెతికాడు. లేదు. అంటే ఈ కాలేజీలో తనకి తెలియకుండా ఇంకో కంప్యూటరు ఉంది. తనకి తెలియకుండా తన తీగలకి తగులుకుంది. ఒళ్ళు మండిపోయింది.

తీగలన్నీ వచ్చి కలిసే హబ్బు దగ్గర వంగి చూశాడు. బూడిదరంగు తీగల మధ్య నీలంరంగుది ఒకటి దర్జాగా దూరి ఉంది. అతను వేసింది కాదు. దాన్ని చేత్తో పట్టుకుని బయలుదేరాడు. అది కిటికీ ఊచల్లోంచి బయటికొచ్చి, గోడ వెంట పాకి, సైకిల్ స్టాండు రేకుల మీదుగా మెట్ల దగ్గరికొచ్చి పైకెక్కింది. కృపారావు కూడా ఎక్కాడు, మోకాలు పట్టుకుని.

మేడమీద వరండా తుడుస్తున్న చిన్నమ్మలు చీపురు ఆపి చూసింది.

"ఏటి మేష్టారండీ, పొద్దున్నే ఆ తీగట్టుకు తిరుగుతున్నారు?"

"ఇది ఎవరు లాగేరమ్మా?"

"నిన్న మీరు చర్చికెళ్ళేరు కదండీ. సెక్రటరీగారి గదిలోకి కొత్త కంప్యూటరొచ్చింది. కొట్టువాళ్ళే వచ్చి లాగేరు. పంతులుగారొచ్చి పూజ చేసేరు. కొబ్బరికాయ కొట్టేరు, పసుపూ కుంకం పెట్టేరు. మాకు రెండేసి లడ్డూలిచ్చేరు."

"గది తియ్యి, ఒక్క నిమిషం ఆపేసి వస్తాను."

"తాళం ఆయన దగ్గరే ఉందండి. అయినా ఆపకూడదంట. మూడ్రోజులు దాన్ని ఆర్పకూడదన్నారంట పంతులుగారు. ఇన్వర్టరు మీద పెట్టేరు. దీపంలాగన్నమాట."

కృపారావు తలుపుకి చెవి ఆనించాడు. లోపల ఫ్యాను తిరుగుతున్న చిన్న చప్పుడు, గుయ్యిమని. ఆదివారం నుంచీ తొమ్మిదో నంబరు మీద పసుపు రాసుకుని కూర్చుంది అది. సర్వరేమో తరవాత నిద్రలేచి నా కుర్చీ ఏదని అడుగుతోంది.

చేసేదిలేక కిందికి దిగి, హబ్బులోంచి నీలంతీగ పీకేశాడు. సర్వరు మళ్ళీ వేశాడు. ఈసారి పెట్టె రాలేదు. పలివెల దగ్గర కూర్చుని కొత్తపేట అని కొట్టాడు, వెంటనే పలికింది. వానపల్లి, గంటి, అవిడి, అన్నీ పలికాయి. తొమ్మిదింబావుకల్లా పని అయిపోయింది. అప్పుడు కేరేజీ విప్పి, ఇంట్లో ఝాన్సీ టీచరు పెట్టిచ్చిన ఇడ్లీలు తిన్నాడు. భార్యని కూడా అతను టీచరనే అంటాడు. నిన్న ఆవిడ, "మీ మోకాలు అరిగిపోయేదాకా ఆ గుడ్డలు కప్పుతారా? మానేస్తే మాత్రం ఏమైపోతుంది?" అంది. మానేస్తే పొద్దున్న ఎనిమిదింటికి ఏం చెయ్యాలో అతనికి తెలియదు, అంతే.

పదకొండున్నరకి పిలుపొచ్చింది.

త్రిమూర్తులుగారు భారీ మనిషి. గ్లాస్కో పంచె, చేతికి నాలుగు రాళ్ళ ఉంగరాలు, నుదుట గంధం. గోడ మీద మందపల్లి శనీశ్వరుడి పటం. ప్రతి శనివారం వెళ్ళి తైలాభిషేకం చేయించందే పచ్చి మంచినీళ్ళు ముట్టరు. కొత్త కంప్యూటరు తెరకి పైన పసుపు బొట్టు, పక్కన వాడిన బంతిపూలు.

"రండి కృపారావుగారూ, కూచోండి. నిన్న కొట్టు ఆయన కింద మిషన్లన్నీ వేసొచ్చి నొక్కి చూపిస్తే ఇందులో ఊళ్ళన్నీ వరసగా వచ్చేయండి. పలివెల, గంటి, అవిడి... కింద ల్యాబ్‌లో ఉన్నవన్నీ నా గదిలోంచే కనబడ్డాయి. ఎంత ముచ్చటేసిందో! ఎగ్జామినరుగారికి చూపిద్దామనుకున్నాను. ఇయ్యాల చూస్తే ఒక్క ఊరూ లేదు."

"నేనే పీకేనండి తీగ. తవరి దానికీ సర్వరుకీ ఒకే నంబరు పడిందండి. రెండూ తొమ్మిదే. తవరి దానికి వేరే నంబరిస్తే ఒక్క నిమిషం పని."

త్రిమూర్తులుగారు నొచ్చుకున్నట్టు చూశారు. "నాది తొమ్మిదండి. పుట్టిన తేదీ తొమ్మిది. కారు తొమ్మిది. ఫోను తొమ్మిది. కొట్టువాళ్ళతో చెప్పి మరీ పెట్టించేను."

"సర్వరు కూడా తొమ్మిదేనండి. రెండేళ్ళ కిందట తవరే పెట్టమన్నారు."

ఇది నిజం. ల్యాబు మొదలెట్టినప్పుడు ఏడు కంప్యూటర్లుండేవి, ఎనిమిదోదిగా సర్వరు వచ్చింది కాబట్టి దానికి ఎనిమిది ఇచ్చాడు కృపారావు. రెండేళ్ళ కిందట ఎవరో సంఖ్యాశాస్త్రం ఆయన వచ్చి, ఎనిమిది శని అంకె, ఎనిమిదీ, కలిపితే ఎనిమిదయ్యే పదిహేడూ ఇరవై ఆరూ ఈ ఆవరణలో ఉండకూడదని చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్ళాడు. ఆయన వెళ్ళింది కారులో. ఇరవై ఎనిమిది జాబితాలూ మార్చడానికి, క్లాసులు లేని వేళల్లో, నాలుగు రోజులు కుర్చీ కుర్చీకీ తిరిగింది కృపారావు. గుమాస్తాగదిలో కాగితం మీద ఎనిమిదో సీరియల్ నంబరు కూడా తీసేశారు అప్పట్లో. ఏడు తరవాత తొమ్మిది రాస్తారు.

"అయితే సర్వరుదే మార్చండి," అన్నారు త్రిమూర్తులుగారు, ఎంతో తేలిగ్గా.

"దాన్ని మారిస్తే ఇరవై ఎనిమిదింటిలోనూ మార్చాలండి. రెండింటికి పరీక్ష. పోనీ పరీక్షయ్యేదాకా ఈ తీగ..."

"ఎగ్జామినరుగారు ముందు నా గదికే వస్తారండి. ఊళ్ళు కనబడాలి. మీరుండగా మాకేం భయం? పెట్టేయండి, ఏదో ఒకటి పెట్టేయండి. ఎనిమిదీ, పదిహేడూ, ఇరవై ఆరూ మాత్రం వద్దండోయ్."

గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం. గోడ కనీసం మర్యాద చెయ్యదు. కృపారావు లేచి నమస్కారం పెట్టి కిందికొచ్చాడు, నీలంతీగ దాని కన్నంలో దూర్చాడు. రెండు తొమ్మిదులూ ఒక్క తీగ మీదకి వచ్చేసరికి కంప్యూటర్లకి మతిపోయింది. పలివెల కొత్తపేటకి పోతోంది. గంటి కొత్తపేట అనుకుని సెక్రటరీగారి గదికి పోతోంది. అవిడి ఎటూ పోకుండా నిలబడిపోయింది.

సర్వరుకి ముప్ఫై మూడు ఇద్దామనుకున్నాడు. మూడూ మూడూ ఆరు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పదకొండూ యాభైకి మొదలెట్టాడు. పాత కంప్యూటర్లు, ఫైలు తెరవమంటే ఆలోచించుకుని తెరుస్తాయి. జాబితా తెరవడం, కొత్తపేట ఉన్న వరస వెతకడం, తొమ్మిది చెరిపి ముప్ఫై మూడు కొట్టడం, దాచడం, పలుకుతోందో లేదో చూడటం. ఒక్కోదానికి మూడేసి నిమిషాలు. ఫ్లాపీలో పెట్టుకుని అన్నింటిలోకీ వేసేద్దామంటే, వైరస్ వస్తోందని ఏడాది కిందట ఫ్లాపీ డ్రైవులన్నీ పీకించేశారు. అదీ త్రిమూర్తులుగారే.

హరిబాబు వచ్చి, "నేను కూడా ఓ చెయ్యి వేస్తాను మేష్టారూ," అని రెండో వరసలో ఆరింటిలో మార్చాడు. పాపం మంచివాడే. కానీ అతను దాచిన ఆరూ పలకలేదు. అరగంట కొట్టుకున్నాక తెలిసింది, దాచేటప్పుడు ఫైలు పేరుకి చివర తోక ఒకటి దానంతటదే తగులుకుంది. తోకున్న ఫైలుని కంప్యూటరు తనది కాదంటుంది. మళ్ళీ ఆరూ మొదటికొచ్చాయి.

"సారీ మేష్టారూ."

"పర్లేదు బాబూ. నువ్వు కాస్త దూరంగా కూచో," అన్నాడు కృపారావు. అంత మర్యాదగా అతను అనగలిగిన అతి కఠినమైన మాట అదే.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా కరెంటు పోయింది.

ల్యాబంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టు ఆగిపోయింది. జనరేటరు రెండింటికిగాని వెయ్యకూడదని రూలు. కృపారావు చీకటి తెరల మధ్య కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఏడుపొచ్చింది. యాభై ఆరేళ్ళ మనిషి, తన తప్పు ఇసుమంతైనా లేని పనికి, కురిడీల గోదాములో చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు. మేడమీద మాత్రం ఇన్వర్టరు దయవల్ల తొమ్మిదో నంబరు చల్లగా వెలుగుతోంది.

ఒంటిగంటా ఇరవై ఐదుకి కరెంటొచ్చింది. అయినా అయిపోలేదు. మధ్యలో ఆరిపోయిన కంప్యూటర్లు లేస్తూనే నీలితెర వేసుకుని తమ లోపల ఏం చెడిందో చూసుకోవడం మొదలెట్టాయి. అది పూర్తయ్యేసరికి గోడగడియారంలో ఒకటీ నలభై. పిల్లలు అప్పుడే వరండాలో చేరి హాల్‌టిక్కెట్లతో విసురుకుంటున్నారు. మారినవి తొమ్మిది. మారవలసినవి పందొమ్మిది. పందొమ్మిది మూళ్ళు యాభై ఏడు నిమిషాలు. చేతిలో ఉన్నది ఇరవై.

అప్పుడు గుర్తొచ్చింది పాత కాపీ.

టైపు చేసినవాడు ఏ కాగితానికైనా కింద కార్బను పెడతాడు. కాపీ లేకుండా కాగితం పంపేవాడు టైపిస్టే కాదని ఇన్‌స్టిట్యూట్లో పందొమ్మిదేళ్ళు చెప్పాడు. రెండేళ్ళ కిందట ఎనిమిదిని తొమ్మిది చేసినప్పుడు కూడా, పాత జాబితాని చెరపకుండా ప్రతి కంప్యూటర్లోనూ వేరే పేరుతో పక్కన పెట్టాడు. ఇరవై ఎనిమిదింటిలోనూ అది అలాగే ఉంది. దాని పేరు మార్చి మళ్ళీ కుర్చీలో కూర్చోబెడితే చాలు, తెరవక్కర్లేదు, వెతకక్కర్లేదు. నల్లతెర మీద రెండు వరసలు కొట్టడమే. అర నిమిషం.

కాకపోతే అందులో కొత్తపేట నంబరు ఎనిమిది.

ఒక్క క్షణం ఆగాడు. మేడమీదికి వెళ్ళి అడిగితే ఏమంటారో తెలుసు. వరండాలో పిల్లలు కనిపిస్తున్నారు. వాళ్ళలో సగం మందికి తనే మొదటిరోజు మౌసు పట్టుకోవడం నేర్పాడు.

"ఎనిమిదైతే ఎనిమిది," అని పైకే అని, సర్వరుకి ఎనిమిది ఇచ్చి, పలివెల ముందు కూర్చున్నాడు.

ఆ తరవాత హరిబాబు చూసింది ఎప్పుడూ చూడనిది. కృపారావు మీటల వంక చూడలేదు. వంగిన ఆ చిటికెనవేళ్ళు రెండూ ఏ మీటకి ఎప్పుడు వెళ్ళాలో వాటికే తెలుసు. పది వేళ్ళూ ఒక్కసారిగా పడుతూ లేస్తూ, వరస పూర్తయ్యేసరికి అతను లేచి పక్క కుర్చీలోకి మారుతున్నాడు. మోకాలు గుర్తు లేదు. గంటి, అవిడి, బిల్లకుర్రు, మందపల్లి. ఎంసీయే చదివిన హరిబాబు వెనకాలే నడుస్తూ, ప్రతి దాంట్లోనూ కొత్తపేట పలుకుతోందో లేదో చూసి అవునని తల ఊపుతున్నాడు. ఆఖరి కంప్యూటరు దగ్గర్నించి లేచేసరికి ఒకటీ యాభై ఎనిమిది. ఆ పదిహేను నిమిషాలూ కృపారావు సంతోషంగా ఉన్నాడు. ఆ సంగతి అతనికి తరవాత తెలిసింది.

పిల్లలు లోపలికొచ్చి కూర్చున్నారు. కృపారావు మూలకి వెళ్ళి లాంగ్ బుక్కు తీసి, నీలంపెన్ను విప్పాడు.

హరిబాబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "పుస్తకంలో తొమ్మిదే ఉంచేయండి మేష్టారూ. లేదా ముప్ఫై మూడని రాసేయండి. ఎవరు చూడొచ్చేరు?"

"నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఏమైందో నీకు తెలీదు, నువ్వప్పటికి రాలేదు. ఒక్క నంబరు రేపు రాద్దామని వదిలేసేను. రాత్రికి జ్వరం. పది రోజులు ల్యాబు మూసేసేరు. ఆ నంబరు దేనిదో ఎవరికీ తెలీక."

"ఇప్పుడు మీరెక్కడికెళ్తారండి?"

"ఎక్కడికీ వెళ్ళను. రేపు ఎవడైనా వచ్చి చూస్తే ఉన్నదే ఉండాలి," అని, తొమ్మిది మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఎనిమిది వేశాడు. తేదీ వేశాడు. పొడి సంతకం పెట్టాడు. ఎర్రపెన్నుతో, స్కేలు పెట్టి, కింద గీత గీశాడు.

పరీక్ష సాఫీగా జరిగింది. ఎగ్జామినరు సావిత్రిగారు నలభై ఐదేళ్ళావిడ, నూలుచీర, మాట మెత్తన. మేడమీద ఊళ్ళన్నీ చూసి, చాలా బాగున్నాయండి అని, కిందికొచ్చి మూడు గంటలు పిల్లల పక్కన నిలబడి అడిగి అడిగి మార్కులు వేసింది. ఒక్క కంప్యూటరూ మొరాయించలేదు. ఐదున్నరకి త్రిమూర్తులుగారు కొబ్బరినీళ్ళు పట్టించుకుని స్వయంగా దిగివచ్చారు.

"ఇది నేను వచ్చిన ఆరో కాలేజీ సార్," అందావిడ. "ప్రతిచోటా సగం కంప్యూటర్లు సర్వరు దొరక్క దిక్కులు చూస్తున్నాయి. మీ దగ్గర అన్నీ పలికాయి. ఎవరు చూస్తారు ఇదంతా?"

"అంతా నంబరు మహిమండి," అన్నారు త్రిమూర్తులుగారు, ఉంగరాల చెయ్యి గాల్లో తిప్పి.

సావిత్రిగారి చూపు మేకుకున్న పుస్తకం మీద పడింది. లేచి, తాడుతోనే చేతిలోకి తీసుకుని తిరగేసింది. "ఎంత బాగా రాశారు! మా దగ్గరా ఒకటుంటే ఎంత బాగుండేది. ఇదిగో, ఇవాళ మార్చింది కూడా ఎక్కించారే," అని ఆవిడ మనస్ఫూర్తిగా, పైకి, అందరికీ వినబడేలా చదివింది. "కొత్తపేట, ఎనిమిది."

మెచ్చుకోవాలనే చదివింది పాపం. అన్నింటికంటే ఒళ్ళు మండే సంగతి అదే.

త్రిమూర్తులుగారి చేతిలో కొబ్బరినీళ్ళ గ్లాసు ఆగిపోయింది. ఆవిడని కారు దాకా సాగనంపి, తలుపు వేసి, చెయ్యి ఊపి, అప్పుడు వెనక్కి వచ్చారు. ల్యాబ్‌లో హరిబాబూ, మూలన గుడ్డలు మడతలు విప్పుతూ కృపారావూ ఉన్నారు.

"వద్దన్నాను కదండీ కృపారావుగారూ."

"వేళకి అందుబాటులో ఉన్నది అదేనండి. పరీక్ష ఆగకూడదన్నారు కదండీ."

"ఆగలేదు, నిజమే. నా తొమ్మిది పైన ఉండబట్టి ఆగలేదు." ఆయన నిజంగానే నమ్ముతున్నారు. నుదుటి మీద చెమట పట్టింది ఆయనకి. "సరే. ఇయ్యాలకి మిషన్లు అలాగే ఉండనీండి. పుస్తకంలో మాత్రం ఆ ముక్క కొట్టేయండి. నా కళ్ళముందు కొట్టేసి, ఆరో ఏదో రాసేయండి. చాలు. నేనేమీ అనుకోను."

హరిబాబు కృపారావు వంక ప్రాధేయపడుతున్నట్టు చూశాడు. ఒక్క అంకెతో పోయేదానికి ఇంత ఆలోచనేమిటని ఆ చూపు.

కృపారావు పుస్తకం దగ్గరికి వెళ్ళాడు. పెన్ను కూడా తీశాడు. ఆరేళ్ళలో ఆ పుస్తకంలో ఉన్నది లేకపోవడం, లేనిది ఉండటం ఒకే ఒక్కసారి జరిగింది, అదీ జ్వరం వల్ల.

"మిషన్లో ఎనిమిదే ఉందండి," అన్నాడు.

"అది నాకు తెలుసండి. రాయమంటున్నాను."

"మిషన్లో ఎనిమిదే ఉందండి," అన్నాడు మళ్ళీ. గొంతు పెంచలేదు.

త్రిమూర్తులుగారు నిట్టూర్చారు. మనిషి చెడ్డవారు కాదు. కోపం కూడా రాలేదు ఆయనకి, భయమే వేసింది. "అయితే రేపట్నించి రావద్దండి. మీక్కూడా మోకాళ్ళ నొప్పులంటున్నారు. ఆ రాజమండ్రి ఆయనకి కబురెడతాను. మీరేమీ మనసులో పెట్టుకోకండి."

"ఆయ్," అన్నాడు కృపారావు.

ఆయన వెళ్ళిపోయాక, మిగిలిన గుడ్డలు ఒక్కొక్కటే కప్పాడు. హరిబాబు సాయం వస్తానంటే వద్దన్నాడు, పలివెల గుడ్డ పలివెలకి, గంటి గుడ్డ గంటికి. కేరేజీ సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చిన్నమ్మలు, "అదేటండీ, రేపు పెందలాడే వస్తారా?" అంది, ఏమీ తెలియక. "లేదమ్మా," అని సైకిలు స్టాండు తీశాడు. పలివెల రోడ్డు మీద కొబ్బరిచెట్ల నీడలు అడ్డంగా పడి ఉన్నాయి. మోకాలు వల్ల కాలువ వంతెన దాకా నడిపించుకుంటూనే వెళ్ళాడు.

మర్నాడు త్రిమూర్తులుగారు నంబరు మార్చమని హరిబాబుకి చెప్పారు. హరిబాబు పలివెల దగ్గర కూర్చుని మార్చాడు. మళ్ళీ తోక తగులుకుంది, పలివెల పలకడం మానేసింది. దాన్ని ముందెలా ఉందో అలాగే పెట్టేసి, సెలవుల్లో చూద్దామండి అన్నాడు. సెలవులయ్యాయి. జూన్‌లో రాజమండ్రి ఇంజినీరు వచ్చాడు, ఇరవై ఎనిమిది జాబితాలు చూసి, పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకపోవడమే మంచిదన్నాడు. సెక్రటరీగారికి మాత్రం మార్చేశామనే చెప్పారు ఇద్దరూ. ఎనిమిదో నంబరు ఏ పాపం ఎరగదు, దాని పని అది చేసుకుపోతోంది.

పుస్తకం ఎవరూ తియ్యలేదు, ఎవరూ రాయలేదు. కొబ్బరిపీచు తాడుతో ఆ మేకుకే ఉంది. ఫ్యాను వేసినప్పుడల్లా ఖాకీ అట్ట లేచి, ఆఖరున రాసిన పేజీ తెరుచుకునేది: కొట్టేసిన తొమ్మిది, పక్కన నీలంసిరాతో ఎనిమిది, దాని కింద స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత.